హెర్పిస్ భయం పట్టుకున్నప్పుడు: ఏ పరీక్ష, ఎప్పుడు, ఎందుకు

కండోమ్ లేకుండా ఎవరితోనో కలిసిన మర్నాడే ల్యాబ్‌కి పరుగెత్తి, "ఎస్టీడీ ప్యాకేజీ" చేయించుకుని, రిపోర్టులో హెర్పిస్ (నోటి దగ్గర, జననాంగాల దగ్గర నీటి పొక్కులు తెచ్చే వైరస్) ఐజీఎం పాజిటివ్ అని చూసి నెలల తరబడి నిద్ర పోగొట్టుకునేవాళ్లున్నారు. వాళ్ల భయం చాలావరకు వైరస్ వల్ల వచ్చింది కాదు. వేళ కాని వేళ చేయించిన పనికిరాని పరీక్ష వల్ల వచ్చింది. కాబట్టి ముందు దాని సంగతి.

ఐజీఎం అంటే వైరస్ మీద ఒంట్లో తయారయ్యే ఒక రకం యాంటీబాడీ. దాన్ని వెతికే ఈ రక్త పరీక్ష హెర్పిస్ విషయంలో దేనికీ కొరగాదు. సోకింది నిన్ననా, పదేళ్ల కిందటా అన్నది చెప్పలేదు, ఎందుకంటే పాత ఇన్‌ఫెక్షన్ తిరగబెట్టినా ఐజీఎం కనిపిస్తుంది. హెర్పిస్‌లోని రెండు రకాలను, అంటే ఎక్కువగా నోటి దగ్గర వచ్చే టైప్-1ను, ఎక్కువగా జననాంగాల దగ్గర వచ్చే టైప్-2ను నమ్మకంగా విడదీయలేదు. అసలు ఏమీ లేనివాళ్లకూ పాజిటివ్ చూపిస్తుంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా దీన్ని చేయించొద్దనే చెబుతుంది. అయినా మన ల్యాబుల ప్యాకేజీల్లో ఇంకా ఉంటోంది. మీ రిపోర్టులో పాజిటివ్ వచ్చింది ఐజీఎం ఒక్కటే అయితే, ఆ వరుసను పట్టించుకోకండి.

పనికొచ్చేవి రెండే. ఒకటి, పొక్కు లేదా పుండు ఉన్నప్పుడు దాని నుంచి స్వాబ్ (దూది పుల్లతో తీసే నమూనా) తీసి, అందులో వైరస్ జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్. పొక్కు వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే వెళ్లాలి. చెక్కు కట్టి మానిపోతున్న పుండు నుంచి తీస్తే వైరస్ ఉన్నా దొరక్కపోవచ్చు. రెండోది, ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీని వెతికి, టైప్‌ను విడదీసి చెప్పే రక్త పరీక్ష. ఒంట్లో యాంటీబాడీలు తయారవడానికి టైమ్ పడుతుంది కాబట్టి, కలిసిన రోజు నుంచి 12 వారాలు దాటాక చేయించాలి. రెండు వారాలకే చేయిస్తే నెగటివ్ వచ్చినా మనసు కుదుటపడదు, మళ్లీ చేయించాల్సిందే.

ఐజీజీ రిపోర్టులో "పాజిటివ్" అన్న మాట దగ్గరే ఆగిపోకుండా పక్కనున్న ఇండెక్స్ అంకె చూడండి. చాలా కిట్లలో 1.1 దాటితే పాజిటివ్ అని రాస్తారు. టైప్-2కి ఆ అంకె 3 లోపు ఉంటే అది తప్పుడు పాజిటివ్ అయ్యే అవకాశం బాగా ఉంది. వేరే పద్ధతిలో నిర్ధారించుకోకుండా పెళ్లి సంబంధం వదులుకోవడం, భార్యనో భర్తనో నిలదీయడం లాంటివి చేయకండి. ఇక టైప్-1 పాజిటివ్ వస్తే కంగారు అక్కర్లేదు. ప్రపంచంలో 50 ఏళ్ల లోపువాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి అది ఉంది. ఎక్కువమందికి చిన్నప్పుడే, ఇంట్లోవాళ్ల ముద్దుల ద్వారా వస్తుంది. అది నోటి దగ్గరుందా, కింద జననాంగాల దగ్గరుందా అన్నది రక్త పరీక్ష చెప్పలేదు.

ఇప్పుడు అంటుకునే సంగతి. హెర్పిస్ చర్మానికి చర్మం తగిలితే అంటుతుంది. టాయ్‌లెట్ సీటు, తువ్వాలు, స్విమ్మింగ్ పూల్ ద్వారా రాదు. పెదవి మీద జ్వరం పొక్కు ఉన్నవాళ్లు ఓరల్ సెక్స్ చేస్తే టైప్-1 అవతలివాళ్ల జననాంగాలకు అంటుకోవచ్చు. పొక్కులు లేని రోజుల్లోనూ వైరస్ చర్మం పైకి వస్తూ ఉంటుంది, అందుకే తమకు ఉందని తెలియనివాళ్ల నుంచే ఎక్కువగా సోకుతుంది. ఒకరికి టైప్-2 ఉండి రెండోవాళ్లకు లేని 1,484 జంటల మీద జరిగిన ఒక అధ్యయనం 2004లో వచ్చింది. మందు వాడని జంటల్లో 8 నెలల కాలంలో 3.6 శాతం మందికి సోకింది. వైరస్ ఉన్నవాళ్లు రోజూ 500 మి.గ్రా. వాలాసైక్లోవిర్ వేసుకున్న జంటల్లో అది 1.9 శాతం. ఎనిమిది నెలలు కలిసి ఉన్నవాళ్ల లెక్కే ఇది అయినప్పుడు, ఒక్కసారి కలిసినందుకు ఉండే ముప్పు ఇంకా చిన్నదే. అయితే ఆ జంటలు తమకున్న సంగతి తెలిసి జాగ్రత్తపడినవాళ్లు. కొత్తగా సోకినవాళ్ల నుంచి వైరస్ ఎక్కువగా బయటికొస్తుంది కాబట్టి సున్నా అని మాత్రం అనుకోకూడదు. కండోమ్ ముప్పును తగ్గిస్తుంది. అది కప్పని తొడ, గజ్జల చర్మం నుంచి అంటుకోవచ్చు.

సోకితే సాధారణంగా 2 నుంచి 12 రోజుల్లో బయటపడుతుంది. ముందు ఒకచోట చురుకు, మంట. తర్వాత ఎర్రబారిన చర్మం మీద గుంపుగా చిన్న నీటి పొక్కులు. అవి చితికి నొప్పి పెట్టే లోతులేని పుండ్లవుతాయి. మొదటిసారి జ్వరం, గజ్జల్లో బిళ్లలు కట్టడం కూడా ఉండొచ్చు. నొప్పి లేకుండా గట్టిగా ఒకే పుండు ఉంటే సిఫిలిస్ అనే మరో సుఖవ్యాధిని అనుమానించి, దానికి చేసే వీడీఆర్‌ఎల్ రక్త పరీక్ష చేయించాలి. షేవింగ్ తర్వాత వెంట్రుక మొదట్లో లేచే కురుపులు, అంగం అంచున వరసగా ఉండే ముత్యాల్లాంటి బుడిపెలు హెర్పిస్ కావు. కొందరికి లక్షణాలు ఏమీ రావన్నదీ నిజమే, దానికే 12 వారాల ఐజీజీ.

ఈ దశలో మెడికల్ షాపు అలవాటు కొంప ముంచుతుంది. స్టెరాయిడ్ కలిసిన దురద క్రీములు పొక్కుల మీద రాస్తే ఇన్‌ఫెక్షన్ ముదురుతుంది, డాక్టర్ చూసేసరికి గుర్తుపట్టలేనంతగా రూపు మారుతుంది. భయంతో డెటాల్‌తో కడిగితే చర్మం కాలి, ఆ మంటే హెర్పిస్ మంటలా అనిపిస్తుంది. పొక్కులు వస్తే చర్మ, సుఖవ్యాధుల డాక్టర్ దగ్గరికి గానీ, ప్రభుత్వ పెద్దాసుపత్రిలోని సురక్ష క్లినిక్‌కి గానీ వెళ్లండి. అక్కడ హెర్పిస్‌కి ఎరుపు రంగు కిట్ 5 ఉచితంగా ఇస్తారు: ఎసైక్లోవిర్ 400 మి.గ్రా., రోజుకు మూడుసార్లు, 7 రోజులు. పూత మందు కంటే మాత్రలే పనిచేస్తాయి.

హెర్పిస్ గురించే ఆలోచిస్తూ హెచ్ఐవీని మర్చిపోవద్దు. దాని నివారణ మందులు కలిసిన 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మేలు. తొందరపడాల్సింది అక్కడ.

ఇక మనసు సంగతి. రోజుకు ఇరవైసార్లు టార్చి వేసుకుని చూసుకుంటే చర్మం మీది మామూలు వెంట్రుక రంధ్రం కూడా పొక్కులా కనిపిస్తుంది. తడిమి తడిమి చర్మం ఎర్రబడుతుంది, అదే మళ్లీ కొత్త భయం. మొదటి 12 రోజులు స్నానం తర్వాత ఒక్కసారి చూసుకోండి, ఫోటోలు తీయకండి. 12 వారాలు ఎప్పటికి పూర్తవుతాయో క్యాలెండర్‌లో రాసిపెట్టుకుని, ఆ తేదీన ఒక్క ఐజీజీ చేయించండి. నెగటివ్ వస్తే మరో ల్యాబ్‌లో మళ్లీ చేయించాలన్న కోరిక తప్పకుండా పుడుతుంది. దానికి లొంగితే రెండు రోజుల ఊరట, మూడో రోజు మళ్లీ అదే గుబులు. నెగటివ్ వచ్చాక కూడా నిద్ర, తిండి, పని దెబ్బతింటుంటే అప్పుడు చూపించుకోవాల్సింది సైకియాట్రిస్ట్‌కి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. హెచ్ఐవీ, సుఖవ్యాధుల సందేహాలకు 1097.

నిజంగానే ఉందని తేలితే, గర్భం దాల్చినప్పుడు ఆ మాట గైనకాలజిస్ట్‌కి మొదట్లోనే చెప్పాలి. పాత ఇన్‌ఫెక్షన్ తిరగబెడితే కాన్పులో బిడ్డకు సోకే అవకాశం 1 శాతం లోపే. ఆఖరి నెలల్లో తల్లికి కొత్తగా సోకితే అది 30 నుంచి 50 శాతం దాకా వెళ్తుంది. అందుకే ఉన్నవాళ్లకు 36వ వారం నుంచి మాత్రలు ఇస్తారు, నొప్పుల వేళ పుండ్లుంటే సిజేరియన్ చేస్తారు. భర్తకుండి భార్యకు లేకపోతే, చివరి మూడు నెలలు ఓరల్ సెక్స్‌తో సహా దూరంగా ఉండాలి. పెదవి మీద పొక్కున్న చుట్టం ఎంత దగ్గరవాళ్లయినా పురిటి బిడ్డకు ముద్దు పెట్టనివ్వకండి.