స్క్రూ గేజితో కిరాణా కొట్టుకి

మా 2011–12 పదో తరగతి వాళ్లకి స్కూల్లో ఇంకో పేరుంది: కవర్ల బ్యాచ్. జూనియర్లు వెక్కిరింతగా పెట్టిన పేరే గానీ మాకు నచ్చింది.

ఎండాకాలం కాలవ కట్టేస్తే అడుగున ఏం కనిపిస్తుందో గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు. బురదలో కూరుకుపోయిన కవర్లు, తూముల దగ్గర మరీనూ. పల్చటి కవర్లు ఎన్ని ఏరినా కేజీ తూగవు. అందుకే చిత్తు ఏరుకునేవాళ్లు కూడా వాటి జోలికి పోరు.

2011 ఫిబ్రవరిలో కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. క్యారీ బ్యాగు మందం 40 మైక్రాన్లకి (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తగ్గకూడదు, కొట్టువాళ్లు దాన్ని ఊరికే ఇవ్వకూడదు. జాతీయ హరిత దళం, అంటే స్కూల్లో పర్యావరణ క్లబ్బు, చూసే మా సైన్సు మాస్టారు ఇది చెప్పి, "మరి మనూళ్లో కవర్లు ఎన్ని మైక్రాన్లర్రా?" అన్నారు. ఎవరికి తెలుసు?

ల్యాబు బీరువాలోంచి పల్చటి వస్తువుల మందం కొలిచే స్క్రూ గేజి దిగింది. దాని కనీసపు కొలత 0.01 మిల్లీమీటరు, అంటే 10 మైక్రాన్లు. ఒక్క పొర పెడితే ఏమీ తేలదు. కవరు ముక్కని నాలుగుసార్లు మడిస్తే పదహారు పొరలు. కొలత తీసి, శూన్యాంశ దోషం (ఏమీ పెట్టకుండానే గేజి చూపించే తేడా) సవరించి, పదహారుతో భాగించాం. అంతవరకూ రెండు మార్కుల ప్రశ్నగా బట్టీపట్టిన పాఠం అది. సంతలోంచి తెచ్చినవేవీ 40 దరిదాపులకి రాలేదు.

గేజి పట్టుకుని కొట్లకి వెళ్తే కొందరికి టెన్షన్ పట్టుకుంది, మమ్మల్ని ఏ ఆఫీసువాళ్లో పంపారనుకుని. ఒకాయన మాత్రం తాపీగా, "మైక్రాన్లూ గీక్రాన్లూ నాకేం తెలుస్తాయమ్మా, నేను కేజీల లెక్కన కొంటాను" అన్నాడు. నిజమే కదా! పల్చనైతే కేజీకి ఎక్కువ కవర్లు వస్తాయి. ఆయన లెక్క ఆయనది. చివరికి, అడిగితేనే కవరు ఇస్తానని ఒప్పుకున్నాడు. పప్పులు, చింతపండు మళ్లీ కాగితం పొట్లాలే. పురికొసతో పొట్లం కట్టడం మాకూ నేర్పాడు. నాకిప్పటికీ సరిగ్గా రాదు.

ర్యాలీ కూడా చేశాం. నినాదాలిచ్చాం, ఫొటో దిగాం. దానివల్ల ఒక్క కవరూ తగ్గలేదని నా నమ్మకం. పాత చీరలతో కుట్టించి పంచిన సంచులైతే సంతకి రాకుండా ఇళ్లలో కందిపప్పు దాచుకోవడానికి పోయాయి! పనికొచ్చిందల్లా కొట్టువాళ్లతో మాట్లాడటమే. మాంసం కొట్టు దగ్గర ఆదివారం పొద్దున్నే కాపలా కాసిన మన కుర్రాళ్లు స్టీలు డబ్బా తెచ్చినవాళ్లకి ముందు కొట్టిచ్చేలా బేరం కుదిర్చారు. క్యూ చూస్తే డబ్బాలెందుకు రావు?

ఆ 40 మైక్రాన్లు 2016లో 50 అయ్యాయి, 2022 చివరికి 120. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు 2022 జూలై 1 నుంచి నిషేధం. నీళ్ల సీసాలు ఆ జాబితాలో లేవు. ఈసారి మన స్కూలు పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో అరిటాకు భోజనమని గ్రూపులో పెట్టారు, బాగుంది. నీళ్ల సంగతే ఎవరూ ఎత్తలేదు. అర లీటరు సీసాలు ఆర్డరు ఇచ్చేసి ఉంటే ఇప్పుడే రద్దు చేయండి. స్టీలు గ్లాసులు తెచ్చే పూచీ కవర్ల బ్యాచ్‌ది, కడిగే పూచీ మిగతా బ్యాచ్‌లది.