నారాలో నేత్రోన్మీలనం

ఉగాది వెళ్లిన వారానికి అమ్మా నేనూ జపాన్‌లోని క్యోటో చేరుకున్నాము. టోక్యో నుంచి షింకన్‌సెన్ రైలులో రెండుంపావు గంటల ప్రయాణం. దారిలో కుడివైపు కిటికీలోంచి మంచు కప్పుకున్న ఫుజి పర్వతం కొద్ది నిమిషాలు కనబడింది. సకురా (చెర్రీ) పూలు చెట్టు మీద నిండుగా నిలిచేది వారం, పది రోజులే కాబట్టి, ఏ ఊళ్లో ఎప్పుడు పూస్తాయో ఆ దేశంలో ముందుగానే అంచనా కట్టి ప్రకటిస్తారు. ఆ ప్రకటనలు రాకముందే టికెట్లు కొనుక్కున్న మాకు, పూలు దక్కుతాయో లేదోనన్న బెంగ విమానం దిగేదాకా తీరలేదు.

మొదటి ఉదయం ‘తత్త్వవేత్త బాట’కు వెళ్లాము. క్యోటో విశ్వవిద్యాలయ ఆచార్యుడు నిషిదా కితారో ఆలోచించుకుంటూ నడిచిన కాలువ గట్టు అది. పొడవు సుమారు 2 కిలోమీటర్లు. మేము వెళ్లేసరికి పూలు రాలడం మొదలై, కాలువ నీరు కనబడనంతగా లేత గులాబీ రేకులు తేలుతున్నాయి. అలా తేలే రేకులను జపాన్ వారు ‘హనాఇకాదా’ అంటారు, అంటే పూల తెప్ప అని చెప్పగానే, తెప్పోత్సవం పేరు తలుచుకుని అమ్మ అక్కడే గట్టు మీద కూర్చుండిపోయింది. శాకాహారులమైన మాకు భోజనం దగ్గర కొంత ఇబ్బంది తప్పలేదు, ఎందుకంటే అక్కడ కూరలు మాత్రమే వేసిన పులుసులోనూ తరచుగా ఎండుచేప మరిగించిన నీరు ఉంటుంది. అయితే ఉప్పులో ఊరిన సకురా ఆకు చుట్టిన ‘సకురా మోచి’ని కొరికి చూసి, అందులోని తీపి ముద్ద మన పూర్ణమేనని అమ్మ తేల్చింది.

బంగారు మండపమైన కింకాకుజిని జనంతో పాటు నడుస్తూ చూసి వచ్చేశాము. నా మనసు నిలిచిపోయింది మాత్రం సంజూసంగెన్‌దోలో. 1164లో కట్టి, అగ్నికి ఆహుతయ్యాక 1266లో తిరిగి నిర్మించిన ఆ పొడవైన చెక్క మందిరంలో, చెప్పులు విడిచి, చల్లని నేల మీద నడుస్తుంటే, బంగారు రేకు తాపడం చేసిన అవలోకితేశ్వరుని విగ్రహాలు వరుసల వెనుక వరుసలుగా 1,001 కనబడతాయి. బౌద్ధుల కరుణామూర్తి అయిన ఆయన పేరు జపాన్‌లో కన్నోన్. వాటి ముందు కాపలాగా నిలిచిన 28 మంది దేవతల్లో బ్రహ్మ బోన్‌తెన్‌గా, ఇంద్రుడు తైషాకుతెన్‌గా ఉన్నారు. కరురా అన్న పేరుతో పక్షి ముఖంతో వేణువు ఊదుతున్న గరుత్మంతుని ఎదుట అమ్మ చాలాసేపు కదలలేదు. లోపల ఫొటోలు తీయనివ్వరు. అందుకే కాబోలు, ఆ ముఖాలు నాకు ఇంత స్పష్టంగా గుర్తున్నాయి.

మూడో రోజు రైలులో గంటలోపే నారా చేరాము. అక్కడి జింకలను కసుగా దేవాలయపు దూతలుగా భావిస్తారు. వెయ్యికి పైగా ఉన్న ఆ జింకలు బిస్కెట్టు చూపిస్తే తల వంచి మరీ అడుగుతాయి. వాటిని దాటుకుని తోదాయిజి ఆలయంలో అడుగు పెట్టాక, దాదాపు 15 మీటర్ల ఎత్తున కూర్చున్న కంచు వైరోచన బుద్ధుని ముందు మాటలు ఆగిపోయాయి. షోము చక్రవర్తి సంకల్పంతో పోతపోసిన ఆ విగ్రహానికి 752లో కనుపాపలు దిద్దినవాడు, చైనా మీదుగా 736లో జపాన్ చేరిన దక్షిణ భారతీయ భిక్షువు బోధిసేనుడు. మంటలకూ భూకంపాలకూ దెబ్బతిన్న విగ్రహాన్ని పలుమార్లు బాగుచేశారు. ఇప్పుడున్న శిరస్సు 17వ శతాబ్దం నాటిది, చుట్టూ ఉన్న మందిరం 1709లో పూర్తయింది. అందువల్ల బోధిసేనుడు దిద్దిన కళ్లు ఇవి కావు.

మా ఊరి గుడి ప్రతిష్ఠలో బంగారు సూదితో జరిపిన నేత్రోన్మీలనాన్ని చిన్నప్పుడు చూసిన అమ్మకు ఇదంతా విడమరచి చెప్పనక్కరలేకపోయింది. అయితే నారాలో ఆ పుణ్యం అందరికీ దక్కాలని కుంచెకు పొడవాటి దారాలు కట్టారనీ, చుట్టూ ఉన్నవారు వాటిని పట్టుకున్నారనీ చెబితే ఆశ్చర్యపోయింది. ఆ కుంచె, ఆ దారం నేటికీ భద్రంగా ఉన్నాయి. వాటిని శతాబ్దాలపాటు దాచిన షోసోయిన్ భాండాగారం ఆలయం వెనుకే ఉంది. స్తంభాల మీద ఎత్తుగా నిలిచిన ఆ నల్లని చెక్క కట్టడాన్ని కంచె ఇవతల నుంచి చూస్తూ, ఆ ఉత్సవానికి ఆడవాళ్లు కూడా వచ్చారా అని అమ్మ అడిగింది. అప్పుడు దేశాన్ని ఏలుతున్నది షోము కూతురు కోకెన్ అనీ, తల్లి కోమ్యోతో కలిసి ఆమె అక్కడే ఉన్నదనీ చెప్పాను.

“అయితే తల్లీ కూతురూ కలిసే వచ్చారన్నమాట,” అంటూ అమ్మ నా చేయి పట్టుకుంది.