డోర్నకల్‌లో సంస్కారపు ఆదివారం

గోల్కొండ ఎక్స్‌ప్రెస్ దిగేసరికి సాయంత్రమైంది. డోర్నకల్ జంక్షన్‌లో దిగే బయటివాళ్లలో ఎక్కువమంది భద్రాచలం రోడ్డు వైపు బండి మారేవాళ్లే. పెద్ద చర్చికి ఆటో వంద అన్నాడు. నడిచే దూరానికి వందేమిటని బ్యాగు భుజాన వేసుకున్నాను.

అంతకు ముందు వారమే మెదక్ చర్చి చూశాను కాబట్టి ఇక్కడ అడుగుపెట్టగానే లెక్క తలకిందులైంది. మెదక్‌ది అచ్చమైన గోథిక్. 175 అడుగుల గోపురం, రంగు అద్దాల కిటికీలు, బ్రిటన్ నుంచి తెప్పించిన నేల పలకలు. కరువులో జనానికి పని చూపిస్తూ దాన్ని కట్టించినవారు వెస్లియన్ మెథడిస్టు మిషనరీ పోస్నెట్; 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ. డోర్నకల్‌ది ఆంగ్లికన్లు కట్టింది. ఇంగ్లండు రాజుగారి మతం కదా, దొరల చర్చిలా ఉంటుందనుకుంటాం. తీరా చూస్తే పైన గుమ్మటాలు, లోపల గుడి మంటపాన్ని తలపించే స్తంభాలు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. అప్పుడు ఇక్కడి బిషప్పు అజరయ్య, తమిళుడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పయిన మొదటి భారతీయుడు (1912).

ఇంకో తమాషా: మెదక్ చర్చి కట్టినప్పుడు కెథడ్రల్, అంటే బిషప్పు పీఠమున్న చర్చి, కాదు. అయ్యే వీలూ లేదు. ఆ మెథడిస్టులకు బిషప్పులే లేరు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ, పుట్టాకే అక్కడ బిషప్పు పీఠం పడింది.

వేర్వేరు మిషన్ల సంఘాలు కలిసి సీఎస్ఐగా ఒకటయ్యే బేరం ఆ పీఠం దగ్గరే 28 ఏళ్లు నడిచింది. 1919లో తరంగంబాడిలో మొదలుపెట్టినవాళ్లలో అజరయ్య ఒకరు. 1945 జనవరి 1న కన్నుమూశారు, ఫలితం చూడలేదు. ఒకవైపు ఆంగ్లికన్లు, ఇంకోవైపు బ్రిటిష్ మెథడిస్టులు, మూడోవైపు ప్రెస్బిటేరియన్లూ కాంగ్రిగేషనలిస్టులూ 1908లోనే కలిసి ఏర్పరచుకున్న సంఘం. బిషప్పు తలమీద చెయ్యుంచి పాదిరిని చేయనివాడు ఇచ్చే సంస్కారం, అంటే ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం, చెల్లుతుందా అన్నది ఆంగ్లికన్ల పేచీ. మళ్లీ చేతులుంచుతాం అంటే, ఇన్నాళ్లూ మేమిచ్చింది ఉత్త రొట్టేనా అన్నది మిగతావాళ్ల రోషం. రెండూ న్యాయమే.

చివరికి పట్టిన దారి నాకైతే భలే తెలివిగా అనిపిస్తుంది. ఉన్న పాదిరిలెవరికీ మళ్లీ హస్తనిక్షేపణ లేదు. ఆ రోజు నుంచి కొత్తగా వచ్చేవాళ్లకు మాత్రం బిషప్పే చేతులుంచాలి. రెండు రకాలవాళ్లూ పక్కపక్కన పనిచేస్తూ 30 ఏళ్లు గడిపితే, ఆ తర్వాత మిగిలిన తేడా సంగతి అప్పుడు చూసుకోవచ్చు. ఈలోగా ఏ ఊరి సంఘానికీ దాని మనసొప్పని ఆరాధన పద్ధతినో పాదిరినో అంటగట్టకూడదని మాట రాసుకున్నారు. అయినా నంద్యాల చుట్టుపక్కల ఆంగ్లికన్లు చాలామంది రాం అన్నారు.

ఆదివారం పొద్దున పక్క పల్లెలో చిన్న చర్చికి వెళ్లాను. ఆ వారం సంస్కారం. చెప్పులు బయట, చాపల మీద ఆడవాళ్లొకవైపు, మగవాళ్లొకవైపు. పక్కన కూర్చున్న పెద్దాయన పాటల పుస్తకం నావైపు జరుపుతూ అడగనే అడిగాడు, "ఏ మిషనోళ్లు బిడ్డా?"

"గుంటూరు లూథరన్లం."

"అట్లనా," అని పేజీ తిప్పాడు. పుస్తకం ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే. మా ఇంట్లోనూ అదే, బాప్తిస్టుల ఇళ్లలోనూ అదే. పురుషోత్తమ చౌదరి పాటకు మిషన్ అడ్డురాలేదు, బిషప్పు దగ్గరే వచ్చింది. సీఎస్ఐ వాళ్లు 1948లోనే లూథరన్లతో మాటలు మొదలుపెట్టారు. కాగితాల మీద చాలావాటికి ఒప్పుకున్నారు గానీ ఒక సంఘం కాలేదు. అమెరికన్ మెథడిస్టులూ విడిగానే ఉన్నారు. అందుకే సికింద్రాబాద్ వెస్లీ చర్చి సీఎస్ఐ, ఆబిడ్స్ వైపు మెథడిస్టు చర్చి సీఎస్ఐ కాదు. ఈ ముడి హైదరాబాద్ వాళ్లకే సరిగ్గా తెలియదు. ఇక బాప్తిస్టులకు పసిపిల్లల బాప్తిస్మంతో పేచీ. ఉత్తరాదిన 1970లో ఇలాగే సీఎన్ఐ, అంటే ఉత్తర ఇండియా సంఘం, కట్టినప్పుడు పసివాళ్లకూ పెద్దవాళ్లకూ రెండు దారులూ ఉంచారు కాబట్టి అక్కడ కొందరు బాప్తిస్టులు చేరారు.

అయ్యగారు బల్ల వెనక, జనం వైపు తిరిగి నిలబడ్డారు. సీఎస్ఐ 1950లో తయారుచేసుకున్న క్రమం అది. సమాధానం, అంటే ఒకరికొకరు శాంతి అందించుకోవడం, కూడా అక్కణ్నించే బయలుదేరుతుంది: ఆయన రెండు చేతుల మధ్య ముందు వరసవాళ్ల చేతులు, వాళ్ల నుంచి వెనక్కి, చాప చివరిదాకా. కేరళ సిరియన్ క్రైస్తవుల దగ్గర తీసుకున్న పద్ధతి.

బల్ల మీద రెండూ ఉన్నాయి: ఆంగ్లికన్ల అలవాటు ఒక్క పెద్ద పాత్ర, మిగతావాళ్ల అలవాటు ట్రేలో చిన్న గ్లాసులు. చిన్న గ్లాసులతో చిక్కు లెక్క. ముందురోజు రాత్రే ఎన్ని నింపాలో ఊహించాలి. మిగిలిపోతే ఏం చేయాలన్నది ఇంకో తలనొప్పి. పెద్ద పాత్రకైతే ప్రతి ఒక్కరి తర్వాతా గుడ్డతో అంచు తుడవాలి, మనిషికి నాలుగైదు సెకన్లు. ఆ రోజు పక్క ఊరి చుట్టాలు రావడంతో చివరి రెండు వరసలకు గ్లాసులు అయిపోయాయి. నేనూ పెద్దాయనా ఆ వరసలోనే. అయ్యగారు ఒక్క క్షణం ట్రే వైపు చూసి, రొట్టెముక్కలు పాత్రలో ముంచి చేతిలో పెట్టడం మొదలుపెట్టారు.

నేను మోకరించాలా వద్దా అని తటపటాయిస్తుంటే పెద్దాయన మోచేత్తో పొడిచాడు. "జరుగు బిడ్డా, ఎనక మనుషులున్నరు."