వాని పెల్లి చూదముచ్చత

గుంటూరులో నాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, విజిటింగ్ కార్డులు. మాఘమాసం వచ్చిందంటే రాత్రి పదకొండు దాకా షట్టర్ దించే పని ఉండదు. మొన్న మాఘంలోనే ఒకాయన వచ్చారు. హెడ్‌క్లర్కుగా రిటైరయ్యారు, రెండో అమ్మాయి పెళ్ళి. ఎనిమిదేళ్ళ కిందట పెద్దమ్మాయి కార్డు కూడా నేనే చేశాను. "ఆ ఫైలే తీసి పేర్లు, తేదీలు మార్చెయ్యండి. ఇంగ్లీషు పేజీ మాత్రం మొత్తం క్యాపిటల్స్‌లో ఉండాలి. అలా ఉంటేనే నిండుగా ఉంటుంది" అన్నారు. నాకైతే అలాంటి కార్డు చదవడం కళ్ళకు శ్రమ. కానీ కార్డు ఆయనది.

పాత వర్డ్ ఫైలు తెరిచాను. మొదటి పేజీ తెలుగు, రెండో పేజీ ఇంగ్లీషు. రెండో పేజీలో ఉండి, ఫైలంతా సెలెక్ట్ చేసే కంట్రోల్ ఏ కొట్టి, అన్నీ పెద్దక్షరాలు అయ్యేదాకా షిఫ్ట్, ఎఫ్3 నొక్కాను. ఇంగ్లీషు చక్కగా మారింది. అదే పేరుతో సేవ్ చేసి, ఫైలు మూసేసి భోజనానికి వెళ్ళాను. వచ్చి తెరిస్తే మొదటి పేజీలో శ్రీరస్తు లేదు, శుభమస్తు లేదు. ఒత్తులు ఒకచోట, కొమ్ములు ఒకచోట, మధ్యలో ఏవేవో గీతలు.

ఎందుకంటే ఆ ఫైలు యూనికోడ్ కాదు, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే పద్ధతిలో కొట్టింది కాదు. పాతకాలం తెలుగు ఫాంట్లలో చాలావాటికి సొంతిల్లు లేదు, ఇంగ్లీషు అక్షరాల గదుల్లో అద్దెకుండేవి. చిన్న ఏ గదిలో ఒక తెలుగు ముక్క, పెద్ద ఏ గదిలో ఇంకో ముక్క. మనకు కనపడేది తెలుగు, కంప్యూటరుకు తెలిసింది ఏబీసీడీలే. పెద్దవి చెయ్యమంటే చిన్న గదుల్లో వాళ్ళందరినీ పెద్ద గదుల్లోకి తోసేసింది. దాని తప్పేం లేదు. ఈ రంగంలోకి వచ్చిన కొత్తలోనే, వాక్యం మొదటి అక్షరాన్ని దానంతటదే పెద్దది చేసే ఆటోకరెక్ట్‌ను ముందు ఆపెయ్యమని మా గురువుగారు చెప్పారు. అది మాత్రం బాగా గుర్తు, ఇది మర్చిపోయాను.

చేసింది వెనక్కి తీసుకునేది కంట్రోల్ జెడ్, కానీ ఫైలు మూశాక అదేం చేస్తుంది? మళ్ళీ ఎఫ్3 నొక్కితే అన్నీ చిన్నవయ్యాయి, అంతే. ముందు ఏది పెద్దదో ఏది చిన్నదో అన్న లెక్క ఎక్కడా మిగల్లేదు. పెరుగును మళ్ళీ పాలు చేద్దామని కూర్చున్నట్టయింది నా పని. ఫాంట్ పెట్టెలో ఆల్ క్యాప్స్ అని ఇంకోటుంది. అది ఉత్త వేషం, టిక్కు తీసేస్తే లోపలి అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ఇంగ్లీషు పేజీ వరకు సెలెక్ట్ చేసి దాన్ని వాడితే సరిపోయేది. చివరికి ఆయన బీరువాలోంచి పెద్దమ్మాయి కార్డు తెప్పించి, తెలుగంతా యూనికోడ్‌లో మళ్ళీ కొట్టాను. ఇప్పుడు ఎఫ్3 ఎన్నిసార్లు నొక్కినా మన అక్షరం కదలదు. దానికి పెద్ద బడి, చిన్న బడి అని క్యాపిటల్, స్మాల్ తేడా లేదు కదా.

ఇంతలో ఇంకో ముచ్చట. డల్లాస్‌లో ఉన్న పెద్దమ్మాయి చెల్లెలి కార్డు కోసం నాలుగు పంక్తులు రాసి పంపింది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, ఆర్‌టీఎస్ పద్ధతిలో. అందులో చిన్న ఎల్ అయితే ల, పెద్ద ఎల్ అయితే ళ. చిన్న టీ త, పెద్ద టీ ట. చిన్న డీ ద, పెద్దది డ. ఎన్ కూడా అంతే, చిన్నది న, పెద్దది ణ. పద్ధతైన మనిషి కదా, పదాల మధ్యలో క్యాపిటల్స్ చూసి మా హెడ్‌క్లర్కు గారు కూతురు తొందరలో తప్పు కొట్టిందనుకున్నారు. అన్నీ చిన్నవి చేసి మరీ నాకు పంపారు. తెలుగులోకి మారిస్తే మొదటి పంక్తే ఇలా వచ్చింది: "మా వాని పెల్లి చూదముచ్చత". పెళ్ళికూతురి పేరు వాణి అనుకోండి. ఏడాదిన్నర పిల్లాడు పలికినట్టుంది. నవ్వాపుకోలేక కుర్రాడి చేత కూడా చదివించాను. "పాత" అని ఉన్నచోట పాటో, పాతో తేల్చడానికి డల్లాస్‌కు మెసేజ్ పెట్టాల్సి వచ్చింది. పాటేనట.

కవర్ల మీద అడ్రసులు ఎక్సెల్‌లో ఇచ్చారు, అన్నీ చిన్నక్షరాల్లో. ప్రాపర్ అనే ఫార్ములా పెడితే ప్రతి మాట మొదటి అక్షరం పెద్దదవుతుంది. పేర్లకు బాగానే పనిచేసింది. కానీ దానికి అంకె పక్కన ఏ అక్షరం కనపడ్డా కొత్త మాటే. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట అంటే అన్నీ నంబర్ల లైన్లే, అంటే వీధులే. 4 పక్కనున్న టీహెచ్‌లో టీ కాస్తా పెద్దదైపోయింది, అరవై కవర్ల మీద. డిగ్రీలదీ అదే గోల. ఎంబీబీఎస్‌లో ఎం ఒక్కటే తలెత్తుకుని నిలబడింది, మిగతా మూడూ ఒదిగిపోయాయి. శుభలేఖలో డిగ్రీ చిన్నబోతే వియ్యాలవారు ఊరుకుంటారా? అవన్నీ ఒక్కొక్కటే చేత్తో దిద్దాను.

మర్నాడు సాయంత్రం ప్రూఫ్ చూడ్డానికి ఆయన వచ్చారు. కళ్ళజోడు పైకీ కిందికీ సర్దుకుంటూ తెలుగు పేజీ గబగబా దాటేసి, ఇంగ్లీషు పేజీలో పెళ్ళికొడుకు పేరు దగ్గర ఆగారు. పేరు కింద బ్రాకెట్లో యూఎస్ఏ.

"ఇది కొంచెం పెద్దది చెయ్యండి" అన్నారు.

"బాబాయిగారూ, అన్నీ క్యాపిటల్సే కదండీ."

"క్యాపిటల్సేలే. సైజు పెంచండి."