సీడీ ముక్కతో సోడియం గీతను కొలవడం: నా అనుభవం

పరమాణు నిర్మాణం పాఠంలో రేఖా వర్ణపటం (మూలకం వెలుగును విడగొడితే కనిపించే రంగు గీతలు) బొమ్మ చూసి వదిలేయడమే ఎక్కువ. అందులో సోడియం పసుపు గీతను కొలవడానికి అట్టపెట్టె, పాత సీడీ-ఆర్, షేవింగ్ బ్లేడు చాలు.

నేను వాడిన బూట్ల పెట్టె 30 సెం.మీ. పొడవు, 18 సెం.మీ. వెడల్పు. లోపలంతా నల్ల చార్టు. ఒక చివరి గోడలో, పక్క అంచుకు 2 సెం.మీ. దూరంలో నిలువుగా కంత కోశాను. బ్లేడును దాని కాగితంలోనే ఉంచి నిలువునా విరిచి, రెండు పదునులూ ఎదురెదురుగా కంత మీద అంటించాను. మధ్యలో సందు 0.2 మి.మీ. ఉండాలి. జెరాక్స్ కాగితాన్ని రెండు పొరలుగా మడిచి మధ్యలో పెట్టి టేపు వేస్తే సరిగ్గా వస్తుంది. అదే గోడ మీద సందు నుంచి అర సెంటీమీటరుకొకటి చొప్పున సూదితో బెజ్జాలు పొడిచాను. చీకటి పెట్టెలో స్కేలు అదే.

సీడీ లేబుల్ వైపు బ్లేడుతో గీరి, ప్యాకింగ్ టేపు అంటించి గట్టిగా లాగితే వెండి పొర ఊడొస్తుంది. రంగు మిగిలితే స్పిరిట్ దూదితో తుడవాలి. వేలు తగలనివ్వకూడదు. బయటి అంచు దగ్గర ముక్క కోసి, సందుకు సరిగ్గా ఎదురుగా రెండో గోడలో చేసిన 1 సెం.మీ. కన్నానికి అంటించాను. చాలామందికి తేడా వచ్చేది ఇక్కడే: వెలుగును రంగులుగా విడగొట్టే సీడీ గాడులు సందుతో పాటు నిలువుగా ఉండాలి. ముక్క తిరిగిపోతే గీతలు అలుక్కుపోతాయి.

గాడుల మధ్య ఎడం 1.6 మైక్రోమీటర్లని ప్రమాణం. దాన్ని అలాగే నమ్మకుండా ముందు సందుకు ఎదురుగా సీఎఫ్ఎల్ బల్బు పెట్టి, సీడీ ముక్కలోంచి చూసి సరిచూడాలి. సీడీ ముక్క దగ్గర సందుకూ గీత కనిపించే చోటుకూ మధ్య ఉన్న కోణం సైన్ విలువతో ఎడాన్ని గుణిస్తే తరంగదైర్ఘ్యం. ఆ లెక్కన బల్బులోని పాదరసం ఊదా గీత, 435.8 నానోమీటర్లది, సందు నుంచి 8.5 సెం.మీ. దగ్గర, 546.1 ఆకుపచ్చ గీత 10.9 దగ్గర కనిపించాలి. ఆకుపచ్చ కాస్త లావుగా ఉంటుంది, పక్కనే బల్బు పూతలోని టెర్బియం ఫాస్ఫర్ వెలుగు కలుస్తుంది కాబట్టి. మొదటిది కుదిరి రెండోది కుదరకపోతే సీడీ ముక్క ఒక పక్కకు ఒరిగిందన్నమాట. ఎల్ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. దానిలో గీతలుండవు, రంగుల పట్టీయే.

ఇప్పుడు సోడియం. మంట వెలిగించక ముందే ఎక్కడ కనిపించాలో నోటుబుక్కులో రాయాలి: సోడియం 589 నానోమీటర్ల గీతకు 11.9 సెం.మీ. చూశాక రాస్తే కన్ను ఎలాగూ అనుకూలమైన బెజ్జాన్నే ఎంచుకుంటుంది. తీగ మీద పెట్టిన ఉప్పు మెరిసి ఆరిపోతుంది, కొలిచే వ్యవధి ఇవ్వదు. స్పిరిట్ దీపంలో కొద్దిగా ఉప్పునీళ్లు కలిపితే పసుపు మంట నిలకడగా ఉంటుంది.

పసుపు గీత కనిపించగానే సోడియం అనేయకూడదు. వంటసోడాతో చూడండి, అదే గీత. అంటే క్లోరిన్‌ది కాదు. పొటాషియం క్లోరైడ్‌తో లేత ఊదా మంట రావాలి. అందులోనూ పసుపు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, వేలి చెమటలోని ఉప్పు చాలు దానికి. సాల్ట్ అనాలసిస్‌లో నీలి కోబాల్ట్ గాజు పట్టుకునేది ఈ పసుపును ఆపడానికే. ఉప్పు కలపని స్పిరిట్ మంటను కూడా తప్పనిసరిగా చూడాలి.

ఈ గీత సోడియం పరమాణువులో 3పీ శక్తి స్థాయి నుంచి 3ఎస్‌కు దిగే ఎలక్ట్రాన్‌ది, శక్తి సుమారు 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు. దీన్ని 1913 నాటి బోర్ సూత్రంలో సోడియం పరమాణు సంఖ్య 11 పెట్టి రాబట్టాలని చూడకండి, రాదు. ఆ సూత్రం ఒకే ఎలక్ట్రాన్ ఉన్నవాటికి. హైడ్రోజన్ 656 ఎరుపు గీతకు చక్కగా సరిపోతుంది.

నిజానికి సోడియంవి రెండు గీతలు, 589.0, 589.6. ఈ పెట్టెలో విడిపోవు: 0.2 మి.మీ. సందే దాదాపు 1 నానోమీటరు మేర గీతను వెడల్పు చేస్తుంది. 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో స్పెక్ట్రోస్కోపుతో చూశాడు. ఆ గ్రహణంలో సూర్యుడి అంచున కనిపించిన పసుపు గీతను మొదట సోడియందే అనుకున్నారు. అది 587.6, హీలియంది, భూమ్మీద రసాయన శాస్త్రవేత్త రామ్సే దాన్ని పట్టుకున్నది 1895లో. మన స్కేలు మీద ఆ రెంటికీ తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. ఈ పెట్టె కూడా దాన్ని సోడియమనే చెబుతుంది.