ఎర్ర చీటీలు

"అక్కా, ఇన్ని తప్పులు చేశానా?"

బెంగళూరు సిల్క్ బోర్డు కూడలి దగ్గర బస్సు కదలడం లేదు. ఫోనులో, మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి గొంతు వణుకుతోంది.

తను రాసిన నలభై పేజీల పీడీఎఫ్‌లో నేను పెట్టిన వ్యాఖ్యల చీటీలన్నీ ఎరుపే. పన్నెండో పేజీలో "ఈ వాక్యం చాలా బాగుంది" అన్న చీటీ కూడా నెత్తురు చుక్కలాగే ఉంది! పసుపు కంటికి ఆనడం లేదని ఎప్పుడో నేనే మార్చుకున్న రంగు అది.

ఇంటికి రాగానే పీడీఎఫ్ ప్రోగ్రామ్ అక్రోబాట్ తెరిచి, చీటీ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో లేత ఆకుపచ్చ ఎంచుకున్నాను. డిఫాల్ట్ గడిలో టిక్కు పెట్టాను. అది ఇకపై రాసేవాటికే. పాతవాటిని విడిగా ఎంచుకుని మార్చాల్సిందే. ముందుగా పన్నెండో పేజీదే మార్చి పంపాను.

"ఇది ఇప్పుడే చదివానక్కా" అని జవాబు వచ్చింది.