ఓం పర్వతం దారిలో

ఉత్తరాఖండ్ సరిహద్దు పట్టణం ధార్చులాలో పర్మిట్ తీసుకుని జీపు ఎక్కేదాకా నా ధ్యాసంతా ఓం పర్వతం మీదే, మంచు ఓంకారంలా కనిపించే ఆ కొండ మీదే. కాళీ నది వెంబడే దారి. ఇవతలి ఒడ్డు మనది, అవతలిది నేపాల్. మాల్పా దగ్గర డ్రైవర్ బండి స్లో చేసి దండం పెట్టాడు. 1998 ఆగస్టులో ఇక్కడ కొండచరియలు విరిగిపడి, కైలాస మానససరోవర యాత్రికులతో సహా 200 మందికి పైగా చనిపోయారు. అప్పట్లో ఇదంతా నడక దారి. మేమూ చేతులు జోడించాం.

రాత్రి బస నాబి ఊళ్లో, ఒక రంగ్ కుటుంబం ఇంట్లో. రంగ్ అంటే ఈ సరిహద్దు లోయల్లో ఉండే తెగ. ఇది వాళ్ల తాతముత్తాతల లోయ. వ్యాస మహర్షి తపస్సు చేశాడు కాబట్టి దీనికి వ్యాస్ అని పేరొచ్చిందంటారు. కాళాపానీ దగ్గర నిట్టనిలువు కొండలో ఆయన గుహ కూడా చూపిస్తారు.

ఇంటి పెద్దావిడ మా కోసం అటక మీంచి ఒక జత సంచులు దించింది. గొర్రె వీపు మీద అటొకటి ఇటొకటి వేలాడేలా ముతక ఉన్నితో చేసినవి. అంచుల తోలు అరిగి నల్లబడింది. నేను వేలు పెట్టి చూశాను, కుట్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఆవిడ మామగారు వీటిలో ధాన్యం, బెల్లం నింపి, మందను తోలుకుంటూ లిపులేఖ్ కనుమ దాటి టిబెట్‌లోని తక్లాకోట్ వెళ్లేవారట. వచ్చేటప్పుడు ఉప్పు, ఉన్ని. 1962 యుద్ధంతో ఆ వ్యాపారం ఆగిపోయింది. 1992లో కనుమ మళ్లీ తెరిచారు గానీ, గొర్రెల మందల కాలం తిరిగి రాలేదంది.

ఆవిడ పుట్టిల్లు ఛాంగ్రు, నదికి అవతల. అంటే నేపాల్. నాకు అన్నిటికన్నా మనసులో నాటుకుంది ఇదే. ఈస్టిండియా కంపెనీకీ నేపాల్‌కీ మధ్య కుదిరిన 1816 సుగౌలి ఒప్పందం కాళీ నదిని సరిహద్దు చేసింది. మరుసటి ఏడాదే ఛాంగ్రు, టింకర్ ఊళ్లు నేపాల్‌కి వెళ్లాయి. మాట ఒకటే, దేవుళ్లు ఒకటే, పెళ్లి సంబంధాలు ఈనాటికీ నడుస్తున్నాయి, కానీ అన్నది ఒక దేశం, చెల్లెలిది ఒక దేశం. అసలు కాళీ నది ఏ పాయ అన్నదాని మీదే రెండు దేశాలకీ పేచీ. కాళాపానీ ఊటల దగ్గర పుట్టిందే కాళి అని మనం, వాయవ్యాన ఉన్న లింపియాధురా నుంచి వచ్చేదే కాళి అని నేపాల్. 2020లో నేపాల్ ఈ ప్రాంతమంతా తన మ్యాపులో చూపించింది.

మర్నాడు కాళాపానీలో అమ్మవారి దర్శనం చేసుకుని, ఓం పర్వతం కనిపించే చోటు నాభిడాంగ్ చేరాం. మబ్బు కాసేపే తొలగింది. నల్లరాతి మీద తెల్లటి మంచు ఓంకారం కనిపించగానే పక్కనున్న పెద్దాయన వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకూ కళ్లు చెమర్చాయి. 2024 ఆగస్టులో మంచు కరిగిపోయి ఆ ఓంకారం కనపడలేదని గుర్తొచ్చి గుండె బరువెక్కింది. తర్వాత మంచు పడ్డాకే మళ్లీ కనిపించిందట.

మీరు వెళ్తే దర్శనం అవగానే కిందికి దిగిపోకండి. నాబిలోనో గుంజిలోనో ఒక రాత్రైనా ఉండి పెద్దవాళ్లతో మాట్లాడండి. చలికాలం మొదలైతే వాళ్లంతా ధార్చులా దిగిపోతారు, కాబట్టి అంతకు ముందే ప్లాన్ చేసుకోండి.